ఐదు నెలల పాపకు, రెండున్నరేళ్ల బాబుకు ఏ స్లింగ్ మంచిది?

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు రెండున్నరేళ్ల బాబు, ఐదు నెలల పాప ఉన్నారు. బాబు 13 కిలోలు, పాప 6.5 కిలోలు. పగలంతా పిల్లలిద్దరినీ నేను, మా అత్తయ్య చూసుకుంటాం. చేతులు ఖాళీగా ఉంటాయన్న ఆశతో ఆన్‌లైన్‌లో ఒక బేబీ క్యారియర్ కొన్నాను. డబ్బా మీద ఆరు రకాలుగా వాడవచ్చని రాసి ఉంది. అందులో పాపను కట్టుకుంటే పావుగంటకే మెడ, భుజాలు లాగుతున్నాయి. పాప కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. అది చూసి మా అత్తయ్య కాళ్లు దొడ్డికాళ్లు అవుతాయని, పైగా చేతి అలవాటు పడి మంచం మీద ఉండదని అంటున్నారు. కావాలంటే మెత్తటి పాత చీరతో కట్టుకోమంటున్నారు. మావారు నాకంటే చాలా పొడుగు, ఆయన కూడా వాడగలగాలి. బాబు కూడా సాయంత్రం కాసేపు నడిచాక ఎత్తుకోమని మారాం చేస్తాడు. ఇద్దరికీ ఒకటే సరిపోతుందా? ఎండాకాలంలో వాడవచ్చా? స్కూటీ మీద వెళ్లేటప్పుడు పాపను అందులో కట్టుకోవచ్చా? నాకు రెండు కాన్పులూ సిజేరియన్లే.

సమాధానం: మీ భుజాలు లాగడానికి, పాప కాళ్లు వేలాడడానికి కారణం ఒక్కటే. మీరు కొన్న క్యారియర్‌లో పాపకు కూర్చోవడానికి చోటు లేదు. కాళ్ల సందున ఉన్న సన్నటి గుడ్డ మీద బరువంతా మోపి పాప వేలాడుతోంది. అలా వేలాడే బిడ్డ కొద్దికొద్దిగా కిందికి జారి, మీ ఛాతీకి దూరమవుతుంది. బరువు ఒంటికి ఎంత దూరంగా, ఎంత కిందుగా ఉంటే దాన్ని నిలబెట్టడానికి మెడ, వీపు కండరాలు అంత ఎక్కువగా శ్రమపడాలి కాబట్టి, మోసేవారు తమకు తెలియకుండానే నడుము వెనక్కి వంచి, తల ముందుకు చాచి నిలబడతారు. 6.5 కిలోల పాప అంతకు రెట్టింపు బరువున్నట్టు అనిపించేది అందువల్లనే. కాబట్టి స్లింగ్ (బిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డ లేదా క్యారియర్) కొనేటప్పుడు అన్నింటికంటే ముందు నేను చూడమనేది ఇదే: అందులో బిడ్డ ఎత్తుగా, మీ ఒంటికి హత్తుకుని, కూర్చున్నట్టు ఉండాలి; ఆ బరువులో ఎక్కువ భాగం మీ భుజాల మీద నిలిచిపోకుండా తుంటి ఎముకల మీదికి దిగాలి. కంపెనీ పేరు, ధర, జేబులు, డబ్బా మీద రాసిన ఆరు రకాల వాడకం, ఇవన్నీ ఆ తరువాతి సంగతులు.

మీ అత్తయ్యగారి మాటను కొట్టిపారేయకండి. ఆవిడ కంటికి కనిపించిన లోపం నిజమైనదే, అయితే అది దొడ్డికాళ్లకు సంబంధించినది కాదు, తుంటి కీలుకు సంబంధించినది. పుట్టిన బిడ్డలో తుంటి కీలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. తొడ ఎముక పైభాగంలో ఉండే గుండ్రటి తల, కటి ఎముకలోని గిన్నెలో నిండుగా అమరి ఉన్నప్పుడే ఆ గిన్నె తగినంత లోతుగా పెరుగుతుంది. మొదటి నెలల్లో ఆ గిన్నెలో చాలా భాగం ఎముకగా మారని మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. కాళ్లు రెండూ చాచి, దగ్గరగా చేర్చి గంటల తరబడి బిగించి ఉంచితే తొడ ఎముక తల గిన్నె అంచుకు జరిగే అవకాశం ఉంది. మోకాళ్లు పిరుదుల కంటే కొంచెం ఎత్తులో ఉండి, తొడలు పక్కలకు విచ్చుకుని ఉంటే అది గిన్నె మధ్యలో కుదురుగా నిలుస్తుంది. శిశువులను కాళ్లు చాపి చెక్కకు బిగించి కట్టే అలవాటున్న ఉత్తర అమెరికా ఆదివాసుల్లో తుంటి కీలు లోపం ఎక్కువగా ఉండడం, బిడ్డను కాళ్లు విడదీసి వీపున కట్టుకునే ఆఫ్రికా ప్రాంతాల్లో అది అరుదుగా కనిపించడం వైద్యులు చాలాకాలం కిందటే గమనించారు. అమెరికాలోని ఇంటర్నేషనల్ హిప్ డిస్‌ప్లేసియా ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో, బిడ్డ తొడలకు మోకాళ్ల దాకా ఆధారం ఉండే క్యారియర్లనే వాడమని సలహా ఇస్తుంది. ఎదురుగా నిలబడి చూసినప్పుడు బిడ్డ మోకాళ్లు రెండూ పైకి, పిరుదులు కిందికి ఉండి ఇంగ్లీషు ‘ఎం’ అక్షరంలా కనిపించాలని స్లింగ్ వాడేవాళ్లు చెప్పుకునే గుర్తు ఇదే. ఇన్నాళ్లూ ఆ సన్నటి క్యారియర్‌లో రోజుకు కాసేపు కట్టుకున్నందుకు పాపకు ఏదో అయిపోయిందని మాత్రం దిగులు పడకండి. ఆరోగ్యంగా ఉన్న తుంటి ఆ కాస్త సమయానికి చెడిపోదు. పాప ఎదురుకాళ్లతో పుట్టినా, మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు తుంటి సమస్య ఉన్నా, డైపర్ మార్చేటప్పుడు ఒక కాలు రెండోదానంత పక్కకు తెరుచుకోకపోయినా పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఈ లోపం ఆడపిల్లల్లోనే ఎక్కువ.

దొడ్డికాళ్ల విషయానికి వస్తే, పసిపిల్లల కాళ్లు పుట్టుకతోనే కొంచెం బయటికి వంగి ఉంటాయి. నడక వచ్చిన కొత్తలో ఆ వంపు ఇంకా బాగా కనిపించి, చాలామందిలో రెండేళ్ల ప్రాంతంలో సర్దుకుంటుంది. మూడు నాలుగేళ్ల వయసులో మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నట్టుగా లోపలికి తిరిగి, ఏడేళ్లకల్లా అదీ సరవుతుంది. ఇందులో స్లింగ్ పాత్ర ఏమీ లేదు. వంపు ఒక కాలికే ఉన్నా, రెండేళ్లు దాటాక పెరుగుతున్నా, డి విటమిన్ లోపం వంటి కారణాలను డాక్టరు పరీక్షించాలి. ఈ సంగతి మీ అత్తయ్యగారికి చెప్పేటప్పుడు, ఆవిడ మీ వారిని చంకనెత్తుకుని తిప్పిన రోజుల్లో ఆయన కాళ్లు తన నడుముకు చెరోవైపున ఎలా ఉండేవో ఒకసారి తలుచుకోమనండి. మంచి స్లింగ్‌లో బిడ్డ కూర్చునే తీరు సరిగ్గా అదే. ఆవిడ చేతి పనిని ఇక్కడ గుడ్డ చేస్తుంది.

చేతి అలవాటు గురించి కూడా ఆవిడకు కొంత ధైర్యం చెప్పవచ్చు. కెనడాలోని మాంట్రియల్‌లో హున్‌జికర్, బార్ అనే వైద్యులు 1986లో ప్రచురించిన పరిశీలనలో, ఏడ్చినా ఏడవకపోయినా రోజుకు కనీసం మూడు గంటలు బిడ్డను ఎత్తుకోమని కొందరు తల్లులకు చెప్పారు. ఆరు వారాల వయసుకు వచ్చేసరికి వాళ్ల పిల్లలు మిగతా పిల్లల కంటే 43 శాతం తక్కువ సేపు ఏడ్చారు, సాయంత్రం వేళల్లో తేడా ఇంకా ఎక్కువగా కనిపించింది. ఆ వయసు పిల్లలకు వర్తించిన అంకెను ఐదు నెలల మీ పాపకు యథాతథంగా అన్వయించలేం కానీ, ఎత్తుకున్నందువల్ల బిడ్డ చెడిపోతుందన్న అనుమానానికి అందులో ఆధారం కనిపించలేదు. ఐదో నెలలో పాపకు బోర్లాపడి, దొర్లి, చేతుల మీద లేచే సమయం కూడా అంతే అవసరం గనుక మెలకువగా ఉన్న వేళలో కొంతసేపు చాప మీద వదలండి. ఈ మేరకు అత్తయ్యగారి మాటతో నేనూ ఏకీభవిస్తాను.

ఇక ఏది కొనాలన్న ప్రశ్న. మీ ఇంటి పరిస్థితికి నా సలహా నడుము బెల్టు, వెడల్పు తగ్గించి పెంచుకునే ప్యానెల్ ఉన్న మెత్తటి బకిల్ క్యారియర్. ప్యానెల్ అంటే బిడ్డ వీపును, తొడలను పట్టి ఉంచే గుడ్డ భాగం. పాపను కూర్చోబెట్టినప్పుడు అది ఒక మోకాలి వెనక గుంట నుంచి రెండో మోకాలి వెనక గుంట దాకా రావాలి. అంతకంటే సన్నగా ఉంటే ఇప్పుడున్న కష్టమే మళ్లీ వస్తుంది. అంతకంటే వెడల్పుగా ఉండి మోకాళ్లు మడవనివ్వకపోతే కాళ్లు రెండు పక్కలకూ బలవంతంగా చాచుకుని పాప చిరాకు పడుతుంది. అందుకే వెడల్పును దారంతోగాని, అతుక్కునే పట్టీతోగాని, జారే కొక్కెంతోగాని మార్చుకునే ఏర్పాటు తప్పనిసరిగా ఉండేలా చూసుకోండి. ప్యానెల్ ఎత్తు పాప మెడ మొదలు దాకా రావాలి. నిద్రపోయినప్పుడు తలకు ఆనుగా ఉండేందుకు పైన మడిచి పెట్టుకునే అంచు ఉంటే మరీ మంచిది. వీపు భాగంలో అట్ట వంటి గట్టి పలక ఉన్నవి వద్దు. ఈ వయసులో బిడ్డ వెన్ను కొంచెం గుండ్రంగా ఉంటుంది, మెత్తటి గుడ్డ ఆ వంపును ఆనుకుని పట్టుకుంటుంది.

హాయిగా ఉండడం, ఉండకపోవడం చాలావరకు నడుము బెల్టు దగ్గరే తేలిపోతుంది. చాలామంది దాన్ని ప్యాంటు బెల్టు పెట్టుకునే చోట వదులుగా కట్టుకుని, భుజం పట్టీలను గట్టిగా లాగుతారు, దాంతో బరువంతా మళ్లీ భుజాల మీదికే వస్తుంది. బెల్టును తుంటి ఎముకల పై అంచు మీద నేలకు సమంగా, కదలకుండా ముందు బిగించండి. పాపను కూర్చోబెట్టి, పిరుదులు బెల్టు అంచు మీదికి కొంచెం దిగేలా సర్ది, తొడలను కింద నుంచి పైకి ఎత్తి ఒంటికి చేర్చండి. భుజం పట్టీల వంతు ఆ తరువాతే. వీపు వెనక పట్టీలను కలిపే చిన్న బకిల్ మెడ దగ్గర ఉంటే మెడ పట్టేస్తుంది, నడుము దగ్గర ఉంటే పట్టీలు భుజాల మీంచి జారిపోతాయి. రెండు భుజం రెక్కల మధ్యలో ఉంటే సరిపోతుంది. పట్టీలను వీపు మీద అడ్డంగా దాటించి కట్టుకునే వీలున్న రకాలు భుజాలు సన్నగా ఉన్నవారికి బాగా నప్పుతాయి. అంతా అయ్యాక రెండు చిన్న పరీక్షలు చేయండి. పాప వీపు మీద చేయి అడ్డుపెట్టి ముందుకు కొంచెం వంగితే పాప మీ ఛాతీని వదిలి దూరంగా వెళ్లకూడదు. తల దించి పెదవులు చాపితే పాప నడినెత్తికి ముద్దు అందాలి. ఈ రెండూ కుదిరితే ముప్పావు గంట నడిచినా మీకు పెద్దగా కష్టం తెలియదు.

సిజేరియన్ కోత మానడానికి ఐదు నెలలు సాధారణంగా సరిపోతుంది. అయినా బెల్టు కుట్ల మీద ఒరుసుకున్నట్టు అనిపిస్తే దాన్ని రెండు వేళ్లు పైకి జరిపి కట్టుకోండి. నొప్పి గానీ లాగినట్టు గానీ ఉంటే మీ గైనకాలజిస్టును అడిగిన తరువాతే కొనసాగించండి. మీ వారి కోసం వేరేది కొననక్కరలేదు. నడుము బెల్టు, భుజం పట్టీలు రెండూ బాగా పొడిగించుకునేలా ఉన్నాయో లేదో, కొనేముందు ఆయనకు కట్టి చూస్తే చాలు. ఒకరు వాడిన తరువాత మరొకరు వాడేటప్పుడు పట్టీల కొలత మార్చకుండా కట్టుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ఆయన కొలత దగ్గర పట్టీ మీద దారంతో చిన్న గుర్తు కుట్టుకుంటే ప్రతిసారీ వెతుకులాట ఉండదు.

ఇంట్లో, వరండాలో, పక్కింటి దాకా వెళ్లివచ్చే కొద్దిసేపటి పనులకు రింగ్ స్లింగ్ ఎంతో అనుకూలం. రెండు గజాల పైచిలుకు పొడవున్న గుడ్డకు ఒక చివర రెండు రింగులు కుట్టి ఉంటాయి. రెండో చివరను వాటిలోంచి దోపి బిగిస్తే సంచిలా ఒక ఆసనం ఏర్పడుతుంది. ఇప్పుడు విరివిగా కనిపించే ఈ ఆకారాన్ని 1980ల మొదట్లో హవాయిలో రేనర్ గార్నర్ రూపొందించారు, తరువాత విలియం సియర్స్ అనే పిల్లల వైద్యుడు దానికి ప్రాచుర్యం తెచ్చారు. పాపకు మెడ నిలిచింది కాబట్టి చంకనెత్తుకున్నట్టే పక్కకు కూర్చోబెట్టవచ్చు. వేసుకునేటప్పుడు రింగులు భుజం ఎముకకు కాస్త దిగువన, కాలర్ ఎముక దగ్గర ఆగాలి. గుడ్డను తాడులా మెడ పక్కన పోగుపడనివ్వకుండా భుజం మీద, వీపంతా పరిచినట్టు వేసుకుంటే బరువు పంచుకుంటుంది. ఇది ఒక భుజం మీదే ఆధారపడుతుంది కనుక ఇవాళ కుడి భుజమైతే రేపు ఎడమ భుజానికి మార్చండి. మీకు మెడనొప్పి ముందు నుంచీ ఉంటే దీన్ని అరగంట లోపు పనులకే పరిమితం చేసుకోండి. రింగుల్లో అతుకు కనిపించకూడదు, ఒత్తిడికి వంగకూడదు. స్లింగ్‌ల కోసమే తయారుచేసే అల్యూమినియం లేదా నైలాన్ రింగులు తప్ప, బజారులో దొరికే కర్టెన్ రింగులను ఎవరు కుట్టి ఇచ్చినా వాడకండి.

అత్తయ్యగారు చెప్పిన చీర సంగతిని నేను మర్యాదగానే తీసుకుంటున్నాను. అరకు, పాడేరు ప్రాంతాల సంతలకు వచ్చే గిరిజన తల్లులు బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని కొండదారుల్లో మైళ్ల దూరం నడుస్తారు. అందులో ఉన్న నేర్పు మనం డబ్బు పెట్టి కొనలేనిది. వాళ్లు చిన్నప్పటి నుంచీ తమ్ముళ్లను, చెల్లెళ్లను కట్టుకుని నేర్చుకున్న విద్య అది. మనం పుస్తకం చూసి ఒక్క రోజులో నేర్చుకునేది కాదు. చీరతో కట్టాలనుకుంటే రెండు విషయాలు చూడాలి. పాత చీర మెత్తగా ఉంటుంది కానీ, మడతల దగ్గర దారం పీలికలై ఎప్పుడు చిరుగుతుందో తెలియదు. వెలుతురుకు ఎత్తిపట్టి చూసినప్పుడు ఎక్కడైనా నేత పలచబడితే ఆ చీర పనికిరాదు. రెండోది, సిల్కు, పాలిస్టర్, జార్జెట్ చీరల ముడి జారుతుంది. గట్టి నూలు చేనేత చీర మాత్రమే ముడిని పట్టి ఉంచుతుంది. తెలిసినవారి దగ్గర కట్టడం నేర్చుకుని, మొదట అయిదు కిలోల బియ్యం సంచితో, తరువాత మంచం పక్కన నిలబడి పాపతో అలవాటు చేసుకోగలిగితే చీర కూడా మంచి స్లింగే. అంత తీరిక ఇప్పుడు లేకపోతే ఆ చీరను ఉయ్యాలకు ఉంచి, బకిల్ క్యారియర్‌నే ఎంచుకోండి. సాగే గుడ్డతో వచ్చే పొడవాటి ర్యాప్‌లు మీకు నేను సూచించను. అవి తొలి నెలల పిల్లలకు హాయిగా ఉన్నా, 8 కిలోలు దాటేసరికి సాగి కిందికి జారతాయి. పైగా మూడు పొరల గుడ్డ ఖమ్మం ఎండకు తగదు.

బాబు విషయం వేరు. రెండున్నరేళ్ల పిల్లవాడిని ముందు వైపు మోస్తే దారి కనిపించదు, నడుము వెనక్కి వంగుతుంది. అతణ్ణి వీపు మీదే మోయాలి. పాపకు సరిపోయే ప్యానెల్ బాబు తొడల్లో సగానికే వస్తుంది, మిగతా సగం వేలాడుతుంది. పెద్దపిల్లల కోసం ప్రత్యేకంగా వచ్చే టాడ్లర్ సైజు క్యారియర్ల ప్యానెల్ వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది, మోయగల బరువు కూడా సాధారణంగా 20 కిలోల వరకు ఉంటుంది. అయితే మీరు వెంటనే రెండోది కొనాలని నేను అనను. బాబుకు కావలసింది చాలాసార్లు పది నిమిషాల ఆసరా మాత్రమే. ఎత్తుకున్నాక మళ్లీ దిగి పరుగెత్తుతాడు. అలా ఎక్కి దిగే వయసుకు బకిల్స్ పెట్టి తీయడం కంటే, మీ వారు భుజానికి వేసుకున్న రింగ్ స్లింగ్‌లో చంకకు కూర్చోబెట్టడం తేలిక. ప్యానెల్ వెడల్పు బాగా పెరిగే క్యారియర్ దొరికితే ఇద్దరికీ మార్చి మార్చి వాడవచ్చు కానీ, పాపను ముందూ, బాబును వెనకా ఒకేసారి కట్టుకోవడం మాత్రం వద్దు. 19.5 కిలోల బరువుతో తూలితే ఇద్దరినీ కాపాడుకోలేరు. పాప ఒంటి మీద ఉంటే బాబు చేయి పట్టుకోవడానికి మీ చేతులు ఖాళీగా ఉంటాయి. ఇద్దరు పిల్లల తల్లికి స్లింగ్ వల్ల కలిగే అసలు సుఖం నా దృష్టిలో ఇదే.

నడుముకు కట్టుకునే గట్టి బల్ల వంటి హిప్ సీట్లు కూడా మన బజారులో విరివిగా వస్తున్నాయి. పాప సొంతంగా కూర్చోవడం మొదలుపెట్టాక, అదీ కొద్దిసేపటికే వాటి గురించి ఆలోచించండి. ఆ సీటు బిడ్డను మీ ఒంటి నుంచి కొంచెం దూరంగా నిలబెట్టడం వల్ల నడుము దిగువ భాగం మీద భారం పెరుగుతుంది. మీకు ఇప్పటికే ఉన్న నొప్పికి అది మందు కాదు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన మాట, ఊపిరి గురించి. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంస్థ 2010 మార్చిలో స్లింగ్‌ల గురించి ఒక హెచ్చరిక జారీ చేసింది. అంతకు ముందు ఇరవయ్యేళ్లలో స్లింగ్‌లతో సంబంధమున్న 14 శిశు మరణాలను ఆ సంస్థ గుర్తించింది. వాటిలో 12 నాలుగు నెలల లోపు పిల్లలవి. లోతైన సంచి వంటి స్లింగ్‌లో బిడ్డ ముడుచుకుపడి, గడ్డం ఛాతీకి ఆనితే సన్నటి శ్వాసనాళం మూసుకుపోతుంది. గుడ్డ గానీ, తల్లి ఒళ్లు గానీ ముక్కుకు అడ్డుపడితే మెడ బలం లేని బిడ్డ తల తిప్పుకోలేదు. ఏడవను కూడా లేదు కాబట్టి దగ్గరే ఉన్న తల్లికి తెలియకపోవచ్చు. మీ పాప ఆ వయసు దాటినా నియమాలు అవే: స్లింగ్ బిగుతుగా ఉండాలి, ముఖం ఎప్పుడూ మీ కంటికి కనిపించాలి, గడ్డం కింద రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉండాలి, వీపుకు ఆధారం ఉండాలి. బిడ్డను పడుకోబెట్టి మోసే సంచులను, మీ డబ్బా మీది ఆరు రకాల్లో ఉండే పడుకోబెట్టే పద్ధతిని పూర్తిగా వదిలేయండి. స్లింగ్‌లోనే పాలిస్తే, తాగడం అయిన వెంటనే పాపను మళ్లీ నిటారుగా పైకి తెచ్చి బిగించండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, తక్కువ బరువున్నవారికి, జలుబుతో ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడుతున్నవారికి డాక్టరు చెప్పిన తరువాతే స్లింగ్ వాడాలి.

ముఖం బయటివైపు తిప్పి కూర్చోబెట్టడం గురించి మీరు అడగలేదు గానీ, ఐదో నెల దాటాక పాప తానే అటూ ఇటూ మెడ తిప్పి చూడాలని పెనుగులాడుతుంది. అప్పుడు పక్కకు, చంక మీద కూర్చోబెడితే లోకమంతా కనిపిస్తుంది, అలసిపోయినప్పుడు మీ భుజాన తల వాల్చుకోవచ్చు కూడా. బయటికి తిప్పి కూర్చోబెడితే ఆ వీలు ఉండదు, బరువు కూడా మీ ఒంటికి దూరంగా పోతుంది. తప్పదనుకుంటే పావుగంట చాలు, కునుకు పట్టగానే లోపలికి తిప్పుకోండి.

ఎండాకాలంలో వాడవచ్చు. అయితే స్లింగ్‌ను పాప ఒంటి మీద ఒక జత బట్టలుగా లెక్కపెట్టుకోవాలి. పలచటి ఒక్క పొర నూలు లేదా నార గుడ్డతో చేసినది తీసుకుని, పాపకు లోపల చేతుల్లేని నూలు జుబ్బా ఒక్కటే వేయండి. మీ ఒంటికీ పాప ఒంటికీ మధ్య మెత్తటి పలచటి గుడ్డ పెడితే చెమట పొక్కులు తగ్గుతాయి. వల వంటి సింథటిక్ గుడ్డ చల్లగా ఉంటుందని అమ్మకందారులు చెబుతారు. గాలి ఆడినా అది చెమటను పీల్చుకోదు, మన వాతావరణానికి నూలే మేలని నా అభిప్రాయం. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా బయటికి కట్టుకుని వెళ్లకండి. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని మోసపోకుండా పాప మెడ వెనక తాకి చూడండి. అక్కడ కాలుతూ, చెమటతో తడిసి ఉంటే వెంటనే విప్పి పాలివ్వండి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలలోనే కావలసిన నీరు ఉంటుంది కాబట్టి విడిగా నీళ్లు పట్టకుండా, మామూలు కంటే ఎక్కువసార్లు పాలిస్తే చాలు.

చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అని పొయ్యి దగ్గరికి, మరుగుతున్న నూనె దగ్గరికి పాపతో వెళ్లకండి. బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం, బాబుకు తినిపించడం వంటి పనులకు స్లింగ్ బాగుంటుంది. కింద పడిన వస్తువు తీయాలంటే నడుము వంచకుండా మోకాళ్లు మడిచి కూర్చోండి, ఒక చేయి పాప వీపు మీద ఉంచండి.

స్కూటీ ప్రశ్నకు సమాధానం: వద్దు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022లో సవరించి, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలు చేసిన నిబంధన ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లలను ద్విచక్రవాహనం మీద తీసుకువెళితే నడిపేవారికి బిడ్డను జతచేసే సేఫ్టీ హార్నెస్, బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. మీ బాబుకు ఈ నిబంధన వర్తిస్తుంది. బేబీ స్లింగ్ ఆ హార్నెస్ కాదు, ప్రమాదంలో కలిగే కుదుపును ఆపేందుకు దాన్ని తయారు చేయలేదు. పైగా ముందు కట్టుకుంటే బిడ్డ మీకూ హ్యాండిల్‌కూ మధ్య నలిగిపోయే ప్రమాదం ఉంది. ఐదు నెలల పాప తలకు తగిన హెల్మెట్ కూడా ఉండదు. పాపతో ఆటోలో వెళ్లండి. కారులో అయితే స్లింగ్ విప్పి, వెనక సీట్లో పిల్లల కారు సీటులో వెనక్కి తిరిగి కూర్చునేలా కట్టండి.

కొనేటప్పుడు తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనండి. పాపకు కడుపు నిండి, నిద్ర తీరి ఉన్న వేళ చూసి ఇంట్లోనే ఇరవై నిమిషాలు కట్టుకుని నడవండి. మొదటి నిమిషంలో పాప ఏడ్చినంత మాత్రాన అది నచ్చలేదనుకోకండి, కట్టుకున్న వెంటనే నిలబడకుండా అడుగులు వేస్తే చాలామంది పిల్లలు సర్దుకుంటారు. ఆ ఇరవై నిమిషాల తరువాత మీ నొప్పి మెడలో ఉంటే పట్టీల బకిల్ దించండి, భుజాల్లో ఉంటే నడుము బెల్టు ఇంకా బిగించండి, నడుములో ఉంటే పాపను ఇంకొంచెం ఎత్తుకు తెచ్చి దగ్గరగా కట్టండి. ఈ మూడు సవరణలు చేసినా నొప్పి పోకపోతే అది మీ ఒంటికి సరిపడే క్యారియర్ కాదు. మొహమాటం లేకుండా తిరిగి పంపేయండి. వాడినది ఎవరైనా ఇస్తామంటే తీసుకోవచ్చు, కానీ బకిల్స్ గట్టిగా టక్కుమని పడుతున్నాయో లేదో, పట్టీలు ప్యానెల్‌కు కలిసే చోట కుట్లు ఊడాయో లేదో లాగి చూసుకోండి.

కొత్తది వచ్చేలోగా ఇప్పుడున్న క్యారియర్‌తోనే నెట్టుకురావలసి వస్తే ఒక ఉపాయం ఉంది. పాపను లోపలివైపు తిప్పి కూర్చోబెట్టిన తరువాత, పొడవాటి నూలు చున్నీని పాప పిరుదుల కింద నుంచి రెండు మోకాళ్ల వెనక గుంటల దాకా వెడల్పుగా పరిచి, రెండు చివరలనూ మీ నడుము వెనక గట్టిగా ముడి వేయండి. తొడలకు ఆధారం దొరికి మోకాళ్లు పైకి లేస్తాయి, మీ భుజాల మీది లాగుడు కూడా కొంత తగ్గుతుంది. అలా కట్టినా అరగంట మించి వాడకండి.